సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. బట్టల కొట్టు ఉంది. సరుకు కోసం నేనే కారు నడుపుకుంటూ పర్లాకిమిడి వెళ్లి వస్తుంటాను. 2014 మోడల్ పెట్రోలు కారు, ఎంపీఎఫ్ఐ ఇంజను, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే రకం. పొద్దున్న ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. దారిలో ఏ ఇబ్బందీ ఉండదు. పర్లాకిమిడి బజార్లో ఓ పావుగంట ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. గంటో గంటన్నరో ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఎండాకాలంలో ఈ బాధ మరీ ఎక్కువ. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చారు. ఇంకొకరు ప్లగ్గులు, పెట్రోలు పంపు మార్చారు. ఇప్పుడేమో ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు, పోయిందంటున్నారు. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ చక్కగా స్టార్టవుతుంది. ఈసీయూ మార్పించేయమంటారా?

సమాధానం: చెల్లెమ్మా, ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ ఉత్తరం చదివితే నా అనుమానం ముందు, ఇంజను తిరుగుతోందని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సారు మీదికే వెళ్తోంది. అయితే అనుమానంతో సామాను మార్చడమే ఇప్పటిదాకా మీ డబ్బు తినేసింది కాబట్టి, నా మాట నమ్మి అది కూడా కొనేయొద్దు. బండి మొరాయించిన ఆ గంటలోనే, అక్కడే బజార్లో, ఏం చూడాలో చెబుతాను. జబ్బు బయటపడేది అప్పుడే. షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడి ఉంటుంది, ఎంత మంచి మెకానిక్‌కైనా అక్కడ దొరికేది ఏమీ ఉండదు.

మీరు రాసిన ఉత్తరంలోనే సగం పరీక్ష అయిపోయింది. సెల్ఫ్ జోరుగా తిరుగుతోందన్నారు. అంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, వాటి వైర్లు బాగానే ఉన్నాయి. బ్యాటరీ నీరసిస్తే చలి పొద్దుల్లో ముందు ఇబ్బంది పెడుతుంది, సెల్ఫ్ మూలుగుతుంది, లైట్లు మసకబారతాయి. మీ బండిది దానికి పూర్తిగా ఎదురు. ప్లగ్గులు పాడైతే దారిలో కుదుపులు వస్తాయి, పికప్ పడిపోతుంది. మీకు దారిలో ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఆ రెండూ మార్చాల్సిన పని లేకపోయింది. వేడెక్కితే మొరాయించడం, చల్లబడితే లేవడం: ఈ లక్షణాన్ని గట్టిగా పట్టుకోవాలి.

ఇంజెక్షన్ బండి ఎలా స్టార్టవుతుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు. కార్బొరేటరు రోజుల్లో ఇంజను తిరిగితే చాలు, ఆ పీల్పుకే పెట్రోలు లోపలికి వెళ్లేది. ఇప్పుడలా కాదు. ఇంజెక్టరు ఎప్పుడు తెరుచుకోవాలి, ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పుట్టాలి అన్నది ఈసీయూ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి ముందు దానికి ఒక సంగతి తెలియాలి, ఇంజను తిరుగుతోందా, పిస్టను ఎక్కడుంది అని. అది చెప్పేది క్రాంక్ సెన్సారు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టుతో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో 60 పళ్లకు చోటు చేసి, రెండు పళ్లు తీసేసి 58 ఉంచుతారు. సెన్సారు మూతికీ ఆ పళ్లకూ మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. పళ్లు దాని ముందు నుంచి వెళ్తుంటే సిగ్నలు పుడుతుంది. పళ్లు లేని ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఈసీయూ పిస్టను ఉన్న చోటు లెక్క కట్టుకుంటుంది.

ఆ సిగ్నలు రాకపోతే, సెల్ఫ్ ఎంత గట్టిగా తిరిగినా ఈసీయూ దృష్టిలో ఇంజను ఆగే ఉంది. ఆగి ఉన్న ఇంజనులో పెట్రోలు చల్లడం ప్రమాదం కనుక ఇంజెక్టరు తెరవదు, ప్లగ్గులకు నిప్పు పుట్టించే కాయిలుకు ఆజ్ఞ ఇవ్వదు, తాళం ఆన్ చేసిన మొదటి రెండు మూడు సెకన్ల తర్వాత పంపును కూడా ఆపేస్తుంది. నిప్పు లేదని ఒకరు ప్లగ్గులు మారుస్తారు. పెట్రోలు రావట్లేదని ఇంకొకరు పంపు మారుస్తారు. రెండూ ఒకేసారి లేవంటే, ఆ రెండూ దేని మీద ఆధారపడ్డాయో అక్కడ వెతకాలి. మీ విషయంలో ఎవరూ వేయని ప్రశ్న ఇదే.

దారిలో లేని జబ్బు ఆపాకే ఎందుకు వస్తుందంటే, నడుస్తున్నంత సేపూ రేడియేటరు నీళ్లు తిరుగుతుంటాయి, ఎదురుగాలి తగులుతుంది. ఇంజను ఆపగానే రెండూ ఆగిపోతాయి. లోపలి వేడి అంతా బయటికి పాకి, బానెట్ కింద వేడి తగ్గకపోగా మొదటి పది ఇరవై నిమిషాలు ఇంకా పెరుగుతుంది. కాశీనగర్ మీదుగా వంశధార వెంట మే నెల ఎండలో వచ్చి, బజార్లో నీడ లేని చోట బండి పెట్టి, పావుగంటకు తిరిగొచ్చారంటే సరిగ్గా అత్యంత వేడిగా ఉన్న సమయానికే తాళం తిప్పుతున్నారన్నమాట. సెన్సారు లోపల వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో పగులు వస్తే వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది.

ఇదే లక్షణం చూపించేవి ఇంకా ఉన్నాయి. ఈసీయూకు కరెంటు అందించే స్విచ్చు, అదే మెయిన్ రిలే, లోపలి టంకం పగిలినా వేడికి ఇలాగే చేస్తుంది. బండి ఆపాక పెట్రోలు పైపులో ఒత్తిడి నిలవకపోతే, ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరై స్టార్టింగు ఇబ్బంది వస్తుంది. ఇంజెక్టరు కారుతుంటే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. రేడియేటరు నీళ్ల వేడి కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సారు అబద్ధం చెప్పి, వేడి ఇంజనును చల్లగా ఉందనిపిస్తే కూడా పెట్రోలు ఎక్కువైపోతుంది. వీటిని ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి పానా కూడా అక్కర్లేదు. మీ కళ్లు, చెవులు, ముక్కు చాలు. ఫోను దగ్గరుంటే ఇంకా మంచిది.

ఈసారి బండి మొరాయించగానే వరసగా సెల్ఫ్ కొట్టకండి. ఏసీ ఫ్యాను, పాటలు అన్నీ కట్టేసి, అద్దాలు ఎత్తేసి, తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా ఆన్‌లో మాత్రం పెట్టండి. మీటరులో పసుపు రంగు ఇంజను బొమ్మ, అదే చెక్ ఇంజను లైటు, వెలిగిందా? స్టార్టు కాకముందు అది వెలగాలి. వెలగలేదంటే ఈసీయూకు కరెంటే అందడం లేదు, ఫ్యూజు, మెయిన్ రిలే, ఎర్త్ వైర్లు చూడాలి. ఈసీయూ పోయిందని తేల్చే ముందు చూడాల్సింది కూడా ఇదే. తాళం బొమ్మో, తాళం వేసిన కారు బొమ్మో టపటపా కొట్టుకుంటుంటే దొంగతాళానికి బండి లేవకుండా చూసే ఇమ్మొబిలైజరు మీ తాళాన్ని గుర్తించడం లేదు. ఇంట్లో ఉన్న రెండో తాళం అప్పుడు పనికొస్తుంది, దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరగండి.

లైటు వెలిగిన ఆ క్షణంలోనే చెవి వెనక సీటు వైపు పెట్టండి. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు అక్కడే ఉంటుంది. రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్యిమని పంపు మోగి ఆగాలి. ఇల్లు దాటకముందే, పొద్దున్నే బండి బాగున్నప్పుడు ఒకసారి విని ఆ చప్పుడు గుర్తుపెట్టుకోండి. లేకపోతే బజారు గోలలో పోల్చుకోలేరు. లైటు వెలిగి పంపు మోగకపోతే పంపు ఫ్యూజు, పంపు రిలే, లేదా ట్యాంకు మీది కనెక్టరు. కొత్త పంపు వేసేటప్పుడు ఆ కనెక్టరు సరిగా కూర్చోకపోవడం కూడా జరుగుతుంటుంది. పంపు మోగితే అటువైపు బాగుందని ఒక మెట్టు ఎక్కినట్టే.

తర్వాత తాళం ఆన్ చేసి పంపు మోగి ఆగాక ఆఫ్ చేయండి. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్. అలా మూడు నాలుగు సార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. పంపు మోగినప్పుడల్లా పైపులో ఒత్తిడి కొంత పెరుగుతుంది. ఇలా చేస్తే ఇంజను అందుకుందంటే జబ్బు సెన్సారులో లేదు, ఆపిన బండిలో ఒత్తిడి నిలవడం లేదు. పంపులోని వాల్వు, ప్రెషర్ రెగ్యులేటరు, ఇంజెక్టర్లు చూడాలి. చాలా ఎంపీఎఫ్ఐ కార్లలో పెట్రోలు ఒత్తిడి 3 నుంచి 4 బార్ ఉంటుంది. గేజు పెట్టి, ఇంజను ఆపాక పావుగంటలో ఎంత పడిపోయిందో చూడటం షెడ్డులో మెకానిక్ చేయాల్సిన పని.

అప్పుడూ స్టార్టు కాకపోతే ఎక్సలేటరు పూర్తిగా నేలకు నొక్కి పట్టి, ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో అలా నొక్కితే ఈసీయూ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది, తడిసిన ప్లగ్గులు ఆరతాయి. దగ్గి దగ్గి అందుకుంటే కాలు వెంటనే తీసేయండి. అలా లేచిందంటే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. ఊరికే కాలితో టకటకా తొక్కడం వేరు, అది కార్బొరేటరు అలవాటు, ఇక్కడ ఏమీ పని చేయదు.

ఇప్పుడు దిగి వెనక్కి వెళ్లి సైలెన్సరు గొట్టం దగ్గర వాసన చూడండి. మామూలుగా సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాని ఇంజను నుంచి పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు చేరుతోంది, నిప్పు లేదు, లేదా పెట్రోలు ఎక్కువైంది. వాసనే లేకపోతే పెట్రోలు లోపలికి వెళ్లడం లేదు. పంపు మోగి, తాళం తిప్పే చిట్కా పని చేయక, వాసన కూడా లేదంటే ఇంజెక్టర్లు తెరుచుకోవడం లేదు. నా అనుమానం బలపడేది ఇక్కడే.

ఇంకొకటి చూడాలి. మీ బండికి ఆర్‌పీఎం మీటరు ఉంటే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆ సూదిని ఫోనుతో వీడియో తీయమని పక్కవాళ్లకు చెప్పండి. ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతున్న వీడియో కూడా ఒకటి తీసి ఉంచుకోండి. చాలా కార్లలో సిగ్నలు వస్తుంటే సెల్ఫ్ తిరుగుతుండగానే సూది కొంచెం లేచి వణుకుతుంది. బజార్లో మాత్రం సున్నా మీద అంటుకుని ఉంటే మంచి ఆధారం దొరికినట్టే. సూది అసలే కదలని మోడళ్లూ ఉన్నాయి, అందుకే రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూడాలంటున్నాను. మీరు షెడ్డుకు తీసుకెళ్లే అసలు సాక్ష్యం ఆ వీడియో. లైట్లు, పంపు చప్పుడు, సెల్ఫ్, సూది అన్నీ ఒక్క వీడియోలో పడేలా చూడండి.

ఆఖరిది తడి గుడ్డ పరీక్ష. దీనికి ముందుగానే, ఇంజను చల్లగా ఉన్న రోజున, క్రాంక్ సెన్సారు ఎక్కడుందో మెకానిక్‌తో వేలు పెట్టి చూపించుకోవాలి. కొన్నింటిలో ముందు పుల్లీ పక్కన, కొన్నింటిలో ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట ఉంటుంది. పై నుంచి చెయ్యి అందే చోట ఉంటేనే మీరు చేయండి. కింద పడుకుని చేయాల్సి వస్తే వదిలేయండి. తాళం తీసి చేతిలో పెట్టుకోండి, ఎందుకంటే తాళం ఆన్‌లో ఉంటే రేడియేటరు ఫ్యాను ఎప్పుడైనా తిరగవచ్చు. పవిట, చున్నీ బిగించి కట్టుకోండి. నీళ్లలో ముంచి పిండిన గుడ్డను సెన్సారు ఒంటి మీద పది నిమిషాలు ఉంచండి. సైలెన్సరు గొట్టానికి తగలకూడదు, అది కాలుతుంది. తర్వాత గుడ్డ తీసేసి సెల్ఫ్ కొట్టండి. మామూలుగా గంట పట్టేది పది నిమిషాల్లోనే లేచిందంటే దోషి దొరికినట్టే. ఒకసారి లేచిందని నమ్మేయకుండా ఇంకోసారి కూడా చూస్తే మరీ మంచిది.

ఇక చేయకూడనివి. ఇవి మీ ప్రాణానికి, బండికి సంబంధించినవి కనుక గట్టిగానే చెబుతాను. సాయానికొచ్చినవాళ్లు గాలి గొట్టంలో పెట్రోలు పోసి స్టార్టు చేద్దామంటారు, ఒప్పుకోకండి. వేడి ఇంజను మీద ఒక్క మంట వెనక్కి కొడితే బానెట్ కింద అంతా అంటుకుంటుంది. పెట్రోలు పైపు ఊడదీసి చూద్దామన్నా వద్దనండి, ఒత్తిడిలో ఉన్న పెట్రోలు చిమ్మి వేడి గొట్టాల మీద పడుతుంది. నిప్పు వస్తోందో లేదో చూడటానికి కాయిలు వైరు చేత్తో పట్టుకోవడం పాత బళ్లలో చేసేవారు. ఇప్పటి కాయిళ్లు ఇచ్చేది ఇరవై ముప్పై వేల వోల్టులు. పైగా సరైన దారి లేకుండా ఆ కరెంటు దూకితే ఈసీయూ నిజంగానే పోవచ్చు. తోసి స్టార్టు చేయడం కూడా మీ జబ్బుకు పనికిరాదు. సిగ్నలు లేనప్పుడు బండిని ఎంత దూరం తోసినా ఈసీయూకు తెలియదు. నిప్పు మాత్రమే లేని బండిని తోస్తే కాలని పెట్రోలంతా సైలెన్సరులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి, తర్వాత అది కాలిపోతుంది.

వరసగా సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేసుకుంటే, అప్పుడు లారీ బ్యాటరీ నుంచి వైర్లు కలుపుతామని ఎవరైనా వస్తే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. మన వైపు పెద్ద లారీలకు రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. మీ కారు 12 వోల్టులది. కలిపితే ఈసీయూతో మొదలుపెట్టి చాలా పోవచ్చు. ఇంకో కారు నుంచో జీపు నుంచో, అది 12 వోల్టులేనని అడిగి, తీసుకోండి.

షెడ్డుకు వెళ్లాక ఏం అడగాలో చెబుతాను. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో, ఈసీయూ రాసిపెట్టిన లోపాలను చదివే స్కానరు పెట్టమనండి. క్రాంక్ సెన్సారు సర్క్యూట్ లోపానికి పి0335 అనే కోడ్ ఉంటుంది. కోడ్ కనబడకపోయినా సెన్సారు బాగుందని అర్థం కాదు, ఇలా వచ్చిపోయే లోపాలను ఈసీయూ చాలాసార్లు రాసిపెట్టుకోదు. అందుకే సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానరులో ఇంజను ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో చూడాలి. సెల్ఫ్‌కు ఇంజను సుమారు 150 నుంచి 250 దాకా తిరుగుతుంది. సెల్ఫ్ తిరుగుతూ స్కానరు సున్నా చూపిస్తే ఇంకేం కావాలి.

బండి షెడ్డులో మొరాయించదు కదా అంటారు. మొరాయించేలా చేయవచ్చు. సెన్సారు దగ్గరికి జుట్టు ఆరబెట్టుకునే డ్రైయరుతో వేడి గాలి కొట్టి, అప్పుడు సెల్ఫ్ కొట్టి చూడమనండి. రెండు వైర్ల సెన్సారైతే విప్పి, మల్టీమీటరు పెట్టి వేడి చేస్తే కళ్ల ముందే తెలిసిపోతుంది. బాగున్నది కొన్ని వందల ఓముల నుంచి వెయ్యి పైచిలుకు దాకా చూపిస్తూ వేడికి నెమ్మదిగా కొంచెం పెరుగుతుంది. పగిలినది ఉన్నట్టుండి తెగిపోతుంది. మూడు వైర్లదాన్ని మాత్రం ఓముల్లో కొలవకూడదు, దానికి కరెంటు అందుతోందా, సిగ్నలు వస్తోందా అన్నదే చూడాలి.

కొత్త సెన్సారు కొనే ముందు పాతదాని కనెక్టరును దగ్గరగా చూడమని పట్టుబట్టండి. ఇది నేను ఊరికే అనడం లేదు. ఆయిల్ దిగి జిడ్డు పట్టిన పిన్నులు, క్లిప్పు విరిగితే దారంతో కట్టిన ప్లగ్గులు, పచ్చబారిన రాగి ఎన్నో చూశాను. మన వైపు ధాన్యం బస్తాల పక్కన, కొట్టాల్లో బళ్లు పెడతాం. ఎలుకలు వైర్ల మీది తొడుగు కొరికి, రెండు తీగలు ఒకదానికొకటి తగులుతూ వదులుతూ ఉంటాయి. అలాంటప్పుడు కొత్త సెన్సారు వేసినా బండి తీరు మారదు. సెన్సారు మూతికి ఇనుప రజను అంటుకుని ఉంటే తుడవాలి. గుణుపురంలో సరుకు దొరక్కపోతే పలాస నుంచో బరంపురం నుంచో తెప్పించుకోవచ్చు. ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీదే అడగండి. చవక రకాలు మన ఎండకు ఆగవు, మళ్లీ ఇదే జబ్బు తెచ్చిపెడతాయి.

పరీక్షలన్నీ చేశాక, ఈసీయూకు కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది, క్రాంక్ సిగ్నలు దాని దాకా చేరుతోంది, అయినా అది ఇంజెక్టరుకూ కాయిలుకూ ఆజ్ఞ ఇవ్వడం లేదు అని తేలితే, అప్పుడు ఈసీయూ మాట. అప్పుడు కూడా తుక్కు బండి నుంచి తీసింది తెచ్చి తగిలిస్తే సరిపోదు. ఇమ్మొబిలైజరు ఉన్న కారులో కొత్త ఈసీయూను మీ తాళాలతో స్కానరు ద్వారా జత చేయాలి, లేకపోతే బండి అసలే లేవదు. ఈ నాలుగు ముక్కలు మీ మెకానిక్‌ను అడిగి, ఏది ఎలా కొలిచారో చూపించమనండి. చూపించగలిగినవారి చేతిలోనే బండి పెట్టండి.

కారు నడిపేది మీరు, అది ఆగినప్పుడు పక్కన ఉండేదీ మీరే. షెడ్డులో మీ వారితోనో అన్నదమ్ములతోనో మాట్లాడతామన్నా సరే, వీడియో చూపించి చెప్పాల్సింది మీరే. ఎప్పుడు ఆగింది, ఎంతసేపటికి లేచింది, పంపు మోగిందా, వాసన వచ్చిందా అన్నవి ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. తడి గుడ్డకు బండి లేవకపోతే, పెట్రోలు వాసన గట్టిగా ఉంటే, ఆ చీటీతో పాటు మళ్లీ రాయండి. అప్పుడు ఇంజెక్టర్లు, కూలెంట్ సెన్సారు సంగతి వివరంగా చూద్దాం.